పాత ట్రావెల్ ట్రైలర్‌కు దాని కాలం నాటి రంగు ఎంచుకోవడం ఎలా?

పాత ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొని సొంతంగా బాగుచేసుకునేవాళ్లు ఫ్రేముకు పట్టిన తుప్పు వదిలిస్తారు, కుళ్లిన చెక్క మారుస్తారు, లీకులు ఆపుతారు. అంత పనీ ధైర్యంగా చేసినవాళ్లు రంగు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. "ఏ రంగు వేస్తే అసలు బండిలా ఉంటుంది?" అమెరికాలో ఉంటూ ఈ సరదా పట్టిన మనవాళ్లు కూడా నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. నేను చెప్పేదీ ప్రతిసారీ ఒకటే. రంగును పెయింట్ షాపులో వెతకకండి, మీ బండిలోనే వెతకండి. ఫ్యాక్టరీలో వేసిన రంగు చాలావరకు ఏదో ఒక పట్టీ కింద, ఏదో ఒక లైటు వెనక ఇప్పటికీ ఉంటుంది. అది దొరికితే సగం టెన్షన్ పోయినట్టే.

ఇక్కడ చెప్పేది 1950, 60ల్లో అమెరికాలో తయారైన చిన్న ట్రైలర్ల గురించి. షాస్టా, సెర్రో స్కాటీ లాంటివి. చెక్క ఫ్రేము, దాని మీద పల్చటి అల్యూమినియం రేకు, లోపల బర్చ్ అనే చెట్టు ప్లైవుడ్. ఎయిర్‌స్ట్రీమ్ లేదా స్పార్టన్ ఉన్నవాళ్లు ముందుగా 3వ అంచె చివరి పేరా చదవండి. మీకు బయట రంగు అవసరమే రాకపోవచ్చు.

కావలసినవి

- స్క్రూడ్రైవర్లు, పల్చటి ప్లాస్టిక్ స్క్రాపర్
- లెడ్ టెస్ట్ కిట్, మంచి రెస్పిరేటర్ మాస్కు, చేతి గ్లోవ్స్
- 1000, 2000 నంబరు వాటర్ పేపర్, కారు పాలిషింగ్ కాంపౌండ్, నల్ల గుడ్డ ముక్క
- డీనేచర్డ్ ఆల్కహాల్, లాకర్ థిన్నర్ (లోపలి చెక్క పరీక్షకు)
- టార్చి లైటు
- రెండడుగుల అల్యూమినియం రేకు ముక్కలు మూడు నాలుగు
- నోటుబుక్కు, ఫోను, పాత పొరల ముక్కలు దాచడానికి చిన్న ప్లాస్టిక్ కవర్లు

1. ముందు బండి సంవత్సరం తేల్చుకోండి

టైటిల్ (బండి యాజమాన్యపు) కాగితం మీద ఉన్న సంవత్సరాన్ని పూర్తిగా నమ్మకండి. చేతులు మారినప్పుడు ఎవరో ఉజ్జాయింపుగా రాయించినది కావచ్చు, మొదటిసారి అమ్ముడైన సంవత్సరం కావచ్చు. ముందున్న ఇనుప టంగ్ (కారుకు తగిలించే కడ్డీ) మీద కొట్టిన సీరియల్ నంబరు, తలుపు పక్కన ఉండే ప్లేటు చూడండి. తలుపు హ్యాండిల్ మీద బార్గ్‌మన్ కంపెనీ పేరు, ఎల్-66 లాంటి మోడల్ గుర్తు ఉంటే, కిటికీ ఫ్రేము మీద హేర్ కంపెనీ ముద్ర ఉంటే ఫొటో తీసుకోండి. స్టవ్వు, ఐస్‌బాక్స్ వెనక ఉండే ప్లేట్లు కూడా చూడండి.

ఏ ఒక్క ఆధారం మీదా ఆగిపోవద్దు. హ్యాండిల్ విరిగితే ఇంకో బండిది తెచ్చి బిగించి ఉంటారు. నాలుగైదు ఆధారాలు కలిపి చూసి రెండు మూడేళ్ల తేడాలోకి రాగలిగితే చాలు. రంగు విషయంలో ఆ తేడా ఇబ్బంది పెట్టదు. పదేళ్ల తేడా వస్తే మాత్రం మొత్తం తారుమారవుతుంది.

2. గీకే ముందు సీసం పరీక్ష

ఈ అంచె దాటేయకండి. అమెరికాలో ఇళ్ల పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు వేసిన ఏ పొరలోనైనా అది ఉండొచ్చు. టెస్ట్ కిట్‌తో ప్రతి పొరనూ చూడండి. ఉందని తేలితే పొడిగా శాండింగ్ చేయొద్దు, తడిపి మాత్రమే రుద్దండి. కింద ప్లాస్టిక్ పరిచి, ఆ చెత్త విడిగా కట్టండి. పిల్లల్ని, గర్భిణుల్ని దగ్గరికి రానివ్వకండి. లోపల నేల మీద 9 అంగుళాల చదరపు టైల్స్, వాటి కింద నల్ల జిగురు ఉంటే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. వాటిని పగలగొట్టకండి, గీకకండి. అప్పటికే ఊడిన చిన్న ముక్క ఉంటే ల్యాబ్‌కు పంపండి.

3. అసలు రంగు వెతకండి

అసలు పని ఇదే. దీనికి ఒక పూర్తి రోజు కేటాయించండి.

ఎండ, వాన తగలని చోట్లన్నీ చూడాలి. వెనక లైట్ల డబ్బాలు విప్పి చూడండి. నంబరు ప్లేటు బ్రాకెట్ కింద, కిటికీ ఫ్రేము అంచు కింద, మూలల్లో రేకులను కలిపే అల్యూమినియం పట్టీ కింద, తలుపు మడతలో, గ్యాస్ సిలిండర్ల వెనక భాగంలో చూడండి. మీ బండి షాస్టా అయితే వెనక రెక్కలు విప్పి, వాటి కింద తప్పకుండా చూడండి. అక్కడ అరచేయంత చోటు ఎండ తగలకుండా ఉండిపోతుంది.

పట్టీ విప్పగానే తుడిచేయకండి. ముందు ఫొటో తీయండి. తర్వాత రంగు ఎక్కడిదాకా వెళ్లిందో గమనించండి. పట్టీ కింద లోపలికంటా రంగు ఉంటే, అది పట్టీ బిగించక ముందు వేసినది, అంటే చాలావరకు ఫ్యాక్టరీది. పట్టీ అంచు దగ్గరే గీత గీసినట్టు ఆగిపోతే, తర్వాతి యజమాని ఎవరో బిగించి ఉండగానే స్ప్రే కొట్టినది. ఈ తేడా పట్టించుకోకుండా పైన కనిపించిన రెండో మూడో పొరనే అసలు రంగు అనుకుని వేసేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

పొరలు చూడాలంటే వాటర్ పేపర్‌ను తడిపి, రూపాయి బిళ్లంత చోట వలయాలుగా రుద్దండి. మధ్యలో రేకు బయటపడేదాకా రుద్దితే చుట్టూ ఒక్కో పొర ఒక్కో వలయంగా కనిపిస్తుంది. రేకుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) కావచ్చు. అది సాధారణంగా మెరుపు లేకుండా, బూడిద రంగులోనో లేత ఆకుపచ్చ పసుపులోనో ఉంటుంది. దాన్ని అసలు రంగు అనుకోకండి. దాని పైన ఉన్న మొదటి మెరుపు పొర మీకు కావలసినది.

చారలు ఎక్కడ ఉండేవో కూడా ఇప్పుడే చూసుకోండి. చీకటి పడ్డాక టార్చిని రేకుకు ఆనించి, పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకోండి. ఎన్ని పొరలు వేసినా కింద ఉన్న పాత చార అంచు సన్నటి గట్టులా కనిపిస్తుంది. కొలతలు తీసి నోటుబుక్కులో బొమ్మ వేసుకోండి. 60ల షాస్టాల మీద కనిపించే జెడ్ ఆకారపు చార లాంటిది ఉంటే, రంగు ఎంత ముఖ్యమో ఆ గీత ఎక్కడ వంగిందో కూడా అంతే ముఖ్యం. సరైన రంగు వేసి, చారను నాలుగు అంగుళాలు కిందికి దించేస్తే బండి మొహమే మారిపోతుంది.

ఇప్పుడు ముఖ్యమైన మినహాయింపు. ఎక్కడ విప్పినా ఒట్టి రేకే కనిపిస్తే, ఆ బండి పుట్టినప్పటి నుంచీ రంగు లేనిదే కావచ్చు. ఎయిర్‌స్ట్రీమ్, ఓక్లహోమా రాష్ట్రంలోని తల్సాలో విమానాల కంపెనీ కట్టిన స్పార్టన్ ట్రైలర్లు అల్యూమినియం మెరుపుతోనే పేరు తెచ్చుకున్నాయి. వాటికి పాలిష్ పెట్టండి, పెయింట్ వేయొద్దు. వాటిలో చాలావాటి రేకు మీద స్వచ్ఛమైన అల్యూమినియం పొర పల్చగా ఉంటుంది. ముతక శాండ్‌పేపర్‌తో రుద్దితే ఆ పొర పోతుంది, తిరిగి రాదు. స్టీల్ ఊల్ అసలు వాడొద్దు. దాని నలుసులు రేకులో ఇరుక్కుని తుప్పు మచ్చలు పడతాయి.

4. దొరికిన రంగులోంచి వయసును తీసేయండి

బయటపడిన ముక్క కూడా అరవై ఏళ్ల నాటిది. దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేస్తే మీరు వేసేది వెలిసిపోయిన రంగు.

నల్ల గుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు సున్నంలా పొడి అంటితే పై పొర చెడింది. పాలిషింగ్ కాంపౌండ్ కొద్దిగా పెట్టి మెల్లగా రుద్దండి. కింద నుంచి ముదురు రంగు పైకి వస్తుంది. తుడిచి, నీళ్లు చల్లి తడిగా ఉన్నప్పుడు చూడండి. కొత్తలో దాని మెరుపు, లోతు దాదాపు అలాగే ఉండేవి.

ఏ రంగు ఎటు మారుతుందో గుర్తుపెట్టుకోండి. ఎరుపు, దాని కలయికలు ఎండకు అన్నిటికంటే ముందు వెలుస్తాయి. మీకు గులాబీలా కనిపించేది ఒకప్పుడు పగడపు రంగు కావచ్చు. నూనె ఆధారమైన తెల్ల పెయింటు వెలుతురు తగలని చోట పసుపెక్కుతుంది. కాబట్టి అలమారాలో దొరికిన తెలుపును చూసి "అప్పట్లో ఇంత పసుపుగా వేసేవారా" అనుకోకండి. ఆ ముక్కను రెండు మూడు వారాలు కిటికీ దగ్గర వెలుతురులో ఉంచితే పసుపు కొంత తగ్గుతుంది. అప్పుడు పోల్చండి.

పెయింట్ షాపులో మెషీన్‌తో స్కాన్ చేయిస్తామంటారు. చేయించండి, కానీ చదునుగా, శుభ్రంగా కనీసం అంగుళం వెడల్పున్న ముక్క ఇవ్వండి. గీతలు, గుంటలు ఉంటే మెషీన్ వాటి నీడను కూడా రంగులో కలిపేస్తుంది. అది ఇచ్చిన ఫార్ములా ఆరంభం మాత్రమే. చివరి తీర్పు పగటి వెలుతురులో మీ కళ్లదే. ట్యూబ్‌లైటు కింద అచ్చంగా కలిసిన రెండు రంగులు ఎండలో వేరుగా కనిపించడం మామూలే.

5. ఏమీ దొరకకపోతే

రేకులన్నీ మార్చేసిన బండి, లేదా గీకి శుభ్రం చేసేసిన బండి అయితే బయటి ఆధారాలు వెతకాలి.

అదే కంపెనీ, అదే సంవత్సరం, ఎవరూ ముట్టుకోని బండి దొరికితే అంతకు మించినది లేదు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో మొదలైన టిన్ క్యాన్ టూరిస్ట్స్ సంఘం పేరు మీద ఇప్పటికీ ర్యాలీలు జరుగుతున్నాయి. అక్కడికి వెళ్లి అడిగితే లైటు విప్పి చూపించేవాళ్లు కూడా ఉంటారు. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌లో ఉన్న ఆర్వీ/ఎమ్‌హెచ్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో పాత బళ్లను దగ్గరగా చూడొచ్చు.

పాత బ్రోషర్లు కూడా పనికొస్తాయి, కానీ చారలు, రంగుల అమరిక తెలుసుకోవడానికే. కాగితం మీది సిరా రంగును షేడ్‌గా తీసుకోవద్దు. అచ్చులోనే తేడా ఉంటుంది, పైగా కాగితం పసుపెక్కి ఉంటుంది.

అప్పుడు షేడ్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? కార్ల నుంచి. ఆ కాలంలో ట్రైలర్ రంగులు కార్ల ఫ్యాషన్ వెంటే నడిచాయి. డిట్జ్‌లర్, డూపాంట్ కంపెనీల పాత కారు పెయింట్ చిప్ కార్డులు ఇప్పటికీ దొరుకుతాయి. వాటి మీద కోడ్ ఉంటుంది, కారు పెయింట్ కలిపే మంచి షాపు దాని నుంచి ఫార్ములా తీయగలదు. ఉదాహరణకు 1957 షెవర్లే కార్డులో ట్రాపికల్ టర్కాయిస్, సర్ఫ్ గ్రీన్, లార్క్‌స్పర్ బ్లూ, కలోనియల్ క్రీమ్, ఇండియా ఐవరీ ఉంటాయి. 50ల చివరి ట్రైలర్‌కు ఈ కార్డులోంచి మీగడ తెలుపు ఒకటి, లేత రంగు ఒకటి తీసుకుంటే కాలం తప్పదు.

ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోలను ఆధారంగా తీసుకోవద్దు. వాటిలో చాలావరకు ఎవరో తమ ఇష్టానికి రంగు వేసుకున్నవే. పైగా షాస్టా పేరుతోనే 1961 ఎయిర్‌ఫ్లైట్ నమూనాను 2015లో కొత్తగా తయారుచేసి అమ్మారు. ఆ కొత్త బండి ఫొటోను అసలు 1961 బండి అనుకుని రంగు ఎంచుకునేవాళ్లు ఉన్నారు.

6. ఏ కాలానికి ఏ రంగులు

ఇది చట్టం కాదు, దారి చూపే గుర్తు మాత్రమే. మీ బండిలో దొరికిన ఆధారం దీనికి విరుద్ధంగా ఉంటే బండినే నమ్మండి.

1940ల చివర, 50ల మొదట్లో చాలా బళ్లకు రంగు తక్కువ. రేకు రేకుగానే ఉండి, నడుము దగ్గర ఒక పట్టీకి మాత్రం రంగు. 50ల మధ్య నుంచి రెండు రంగుల కార్లు వచ్చాక ట్రైలర్లూ అదే దారి పట్టాయి. టర్కాయిస్, వెన్న పసుపు, పగడపు రంగు, లేత ఆకుపచ్చ, పక్కన మీగడ తెలుపు. 60ల్లో తెలుపు వాటా పెరిగి, కింద సగమో ఒక చారో రంగులో ఉంటుంది. 60ల చివరికి వంటింటి రంగులు మారిపోయాయి. కోలర్ కంపెనీ సింకుల్లో అవకాడో ఆకుపచ్చ 1967లో వచ్చింది. ఆ ముదురు ఆకుపచ్చ, ఆవపిండి పసుపు, ఇటుక రంగు, గోధుమ రంగు 70ల బళ్లవి.

అందువల్ల 1956 బండిలో అవకాడో రంగు స్టవ్వు పెట్టకండి, 1972 బండికి లేత గులాబీ పూయకండి. "పాతకాలం" అనే పేరుతో మూడు దశాబ్దాల రంగులు ఒకే బండిలో కలపడం నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే పొరపాటు. ఏ రంగుకా రంగు బాగానే ఉంటుంది. పక్కపక్కన పెడితే బండి ఏ కాలానిదో ఎవరికీ అర్థం కాదు.

తెలుపు గురించి ఒక మాట. ఈరోజు షాపులో తెలుపు అడిగితే నీలం జీర ఉన్న మెరిసే తెలుపు ఇస్తారు. పాత బండికి అది సరిపడదు. మీగడ రంగు వైపు ఒక అడుగు వేసిన తెలుపు తీసుకోండి.

7. లోపలి చెక్క: రంగు వేయకండి

దయచేసి బర్చ్ ప్లైవుడ్ మీద తెల్ల పెయింట్ వేయకండి. లోపల చీకటిగా ఉందని వేసేస్తారు, తర్వాత తీయడం దాదాపు అసాధ్యం. ఆ తేనె రంగు చెక్కే ఈ బండ్ల ప్రాణం. చీకటిగా ఉంటే లేత రంగు కర్టెన్లు వేయండి, లైట్లు పెంచండి.

ముందు దాని మీద ఏ పూత ఉందో తెలుసుకోండి. కనపడని చోట దూదితో డీనేచర్డ్ ఆల్కహాల్ అద్దండి. కాసేపట్లో జిగురుగా కరిగితే షెల్లాక్. కరగకపోతే లాకర్ థిన్నర్‌తో చూడండి. దానికి కరిగితే లాకర్ (త్వరగా ఆరే మెరుపు పూత), దేనికీ లొంగకపోతే వార్నిష్. కిటికీలు తెరిచి, మంట దూరంగా ఉంచి చేయండి. షెల్లాక్ అంటే మన లక్కే. ఏటికొప్పాక బొమ్మలకు ఆ నునుపు ఇచ్చేదీ ఇదే లక్క.

కుళ్లిన చోట కొత్త ప్లైవుడ్ వేస్తే అది పాలిపోయి కనిపిస్తుంది. స్టెయిన్ పూస్తే బర్చ్ మచ్చలు మచ్చలుగా తాగుతుంది. దానికి బదులు అంబర్ షెల్లాక్ పల్చగా పూస్తూ, ప్రతి కోటు ఆరాక పాత చెక్క పక్కన పెట్టి చూడండి. పాత రంగుకు ఒక మెట్టు ముందే ఆపేయండి, చెక్క తనంతట తానే కాలక్రమంలో ముదురుతుంది. సింకు దగ్గర నీళ్లు పడితే షెల్లాక్ తెల్లబడుతుంది. అక్కడ పైన వార్నిష్ కావాలి. మామూలు షెల్లాక్‌లో మైనం ఉంటుంది, దాని మీద పాలీయురేథేన్ సరిగా పట్టదు. మధ్యలో మైనం తీసిన షెల్లాక్ ఒక కోటు వేయండి.

వంటగట్టు మీది లామినేట్ (అతికించిన ప్లాస్టిక్ పలక) అసలుదైతే పగిలినా సరే వీలైనంత వరకు ఉంచండి, బయటి రంగుకు జోడీ కుదర్చడానికి అదే మీకు మంచి సాక్షి. బూమరాంగ్ ఆకారాల లామినేట్ డిజైన్‌ను ఫార్మికా కంపెనీ 1950లో స్కైలార్క్ పేరుతో తెచ్చింది. కాబట్టి 1947 బండిలో అది ఉండకూడదు. నలుపు తెలుపు గళ్ల నేల, చెర్రీ పళ్ల బొమ్మల కర్టెన్లు హోటల్ అలంకరణను గుర్తుచేస్తాయి. మీ బండిలో వాటి ఆనవాళ్లు దొరికితే తప్ప పెట్టొద్దు.

8. నమూనా రేకుల మీద వేసి చూడండి

మీరు ఎంచుకున్న షేడు, దానికి అటొకటి ఇటొకటి, మూడూ రెండడుగుల రేకుల మీద వేయండి. చిన్న చిప్ మీద నెమ్మదిగా కనిపించిన రంగు పెద్ద రేకు మీద గట్టిగా అరుస్తుంది. బండికి ఆనించి ఉదయం, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం చూడండి. నిర్ణయం మర్నాడు తీసుకోండి.

మెరుపు కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఇప్పటి కార్ల బేస్‌కోట్, క్లియర్‌కోట్ పెయింట్ అద్దంలా ఉంటుంది. పాత ఎనామెల్‌కు మెరుపు ఉంటుంది గానీ మెత్తగా ఉంటుంది. రంగూ మెరుపూ ఒకే పూతలో ఉండే సింగిల్ స్టేజ్ పెయింట్ అడగండి. లోహపు పొడి కలిసిన మెటాలిక్ షేడ్లు, మీ ఆధారం చెబితే తప్ప, వద్దు.

9. పెయింట్ వేసేటప్పుడు

ఇందులో పెద్దగా చెప్పేది లేదు, కొన్ని జాగ్రత్తలు చాలు. వెనక లైటు కింద అసలు రంగున్న చోటు అరచేయంత మేర కొత్త పెయింట్ పడకుండా ముందే మూసిపెట్టండి. రేకు మీద పాత సిలికాన్ ఆనవాళ్లు ఉంటే పెయింట్ పట్టదు, చేప కళ్లలా గుంటలు పడతాయి. ముందు దాన్ని పూర్తిగా తీసేయండి. బయటపడ్డ ఒట్టి అల్యూమినియం మీద లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్ తప్పనిసరి, శుభ్రం చేసిన రోజే వేయండి. హార్డెనర్ కలిపే యురేథేన్ పెయింట్లలో ఐసోసయనేట్లు అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి. మామూలు మాస్కు వాటిని ఆపలేదు, కాబట్టి ఆ పని పెయింట్ షాపుకు వదిలేయండి. ఇంట్లోనే చేసుకోవాలంటే పడవలకు వాడే, హార్డెనర్ కలపనక్కర్లేని ఎనామెల్‌ను ఫోమ్ రోలర్‌తో వేసి, వెంటనే మంచి బ్రష్ కొసతో తేలిగ్గా లాగండి. డల్లాస్ లాంటి చోట ఉన్నవాళ్లు ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి, రోలర్ గీతలు సర్దుకునేలోపే ఆరిపోతుంది.

10. సరిగా వచ్చిందో లేదో చూసుకోండి

పట్టీలు బిగించే ముందు ఈ పరీక్షలు చేయండి. వెనక లైటు కింద వదిలిన పాత ముక్కను పాలిష్ చేసి, తడిపి, కొత్త రంగు పక్కన నీడలో చూడండి. రెంటి మధ్య గీత ఐదారడుగుల నుంచి కనిపించకపోతే కలిసినట్టే.

తర్వాత బండిని పక్క నుంచి ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. అదే మోడల్ పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో పక్కన పెట్టండి. పై రంగుకు, కింది రంగుకు మధ్య వెలుగు నీడల తేడా రెండింటిలో ఒకేలా ఉండాలి. మీ దాంట్లో కింది భాగం బాగా నల్లగా పడితే షేడ్ ముదిరినట్టు. రెండు రంగులూ ఒకే బూడిదలా కలిసిపోతే మరీ లేతగా వచ్చినట్టు. రంగులు చూస్తున్నంతసేపూ పట్టుబడని తప్పు ఇక్కడ పట్టుబడుతుంది.

పెయింట్ పూర్తిగా గట్టిపడ్డాక కనపడని చోట బ్లేడుతో గళ్లుగా గీసి, టేపు అతికించి లాగండి. టేపుతో పాటు రంగు ఊడొస్తే కింద శుభ్రం సరిగా జరగలేదు. చారలు వేయకముందే ఆ భాగం మళ్లీ చేయాలి.

అసలు రంగున్న చోటును అరచేయంత మేర, లైటు డబ్బా కింద, కొత్త పెయింట్ పడకుండా అలాగే వదిలేయండి. కంపెనీ పేరు, ఫార్ములా కోడ్, వేసిన తేదీ అలమారా తలుపు లోపలి వైపు రాసి, మిగిలిన పెయింట్‌ను ఒక చిన్న సీసాలో గట్టిగా మూతపెట్టి దాచండి. మొదటి గీత పడ్డ రోజు టచప్‌కు అది కావాలి.